గాజుపలకపై మహాకవి

ఒక కావ్యం మనస్సుకు పట్టినప్పుడు, దానిని వ్రాసినవాని ముఖం ఎట్లా ఉంటుందో చూడవలెనన్న కోరిక పాఠకునికి సహజంగా కలుగుతుంది. ఈ కోరిక నేటిది కాదు. అది తీరే మార్గం మాత్రం ఇటీవలిది. నన్నయ, తిక్కన, పోతన మొదలైన మహాకవుల రూపాలుగా పాఠశాలల గోడలపై కనిపించే బొమ్మలు తరువాతి కాలపు చిత్రకారులు ఊహించి వ్రాసినవే. వీరేశలింగం పంతులుగారి కాలం వచ్చేసరికి పరిస్థితి మారినది. ఆయనకూ, గురజాడ అప్పారావుగారికీ ఛాయాచిత్రాలు ఉన్నవి. ఊహాచిత్రాన్ని చూపేటప్పుడు, ఇది చిత్రకారుని ఊహ అని ఉపాధ్యాయుడు విద్యార్థికి చెప్పగలడు. ఛాయాచిత్రాన్ని చూపేటప్పుడు మాత్రం, కవి ఇట్లాగే ఉండేవాడని నిస్సంశయంగా అంటాడు. కెమెరా ఉన్నది ఉన్నట్లు చూపుతుందని అందరి నమ్మకం.

అయితే ఛాయాచిత్రంలో నిలిచినది ఎవరు నిర్ణయించిన ముఖం? కవి ఇచ్చినదా? తీసినవారు తీసుకున్నదా? లోకం కోరినదా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి, పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో టెన్నిసన్ మహాకవికీ, ఆయన పొరుగింటి ఇల్లాలు శ్రీమతి జూలియా మార్గరెట్ కామెరాన్‌కూ నడుమ జరిగిన వృత్తాంతం ఎంతో ఉపకరిస్తుంది.

కోళ్ళగూటిలో కళామందిరం

శ్రీమతి కామెరాన్ పుట్టినది భారతదేశంలోనే. 1815 జూన్ 11వ తేదీన కలకత్తాలో ఆమె జన్మించినది. తండ్రి జేమ్స్ పాటిల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తల్లి ఫ్రెంచి వంశీయురాలు. బాల్యవిద్య చాలవరకు ఫ్రాన్సులో జరిగినది. 1838లో కలకత్తాలోనే ఆమెకు చార్లెస్ హే కామెరాన్‌తో వివాహమైనది. ఆయన న్యాయశాస్త్ర పండితుడు. భారత శిక్షాస్మృతి ముసాయిదాను సిద్ధపరచిన లా కమిషన్‌లో మెకాలేతో కలిసి పనిచేసినవాడు. 1848లో ఉద్యోగ విరమణానంతరం ఈ దంపతులు ఇంగ్లండు చేరారు. 1860లో వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ గ్రామంలో స్థిరపడి, సింహళంలో తమకున్న తోట పేరు మీద ఆ ఇంటికి డింబోలా అని పేరు పెట్టుకున్నారు. ఆ గ్రామంలోనే ఫారింగ్‌ఫర్డ్ అనే భవనంలో 1853 నుంచి ఆల్‌ఫ్రెడ్ టెన్నిసన్ నివసిస్తున్నాడు. వర్డ్స్‌వర్త్ మరణానంతరం 1850లో ఇంగ్లండు ఆస్థానకవి పదవిని పొందినవాడాయన.

1863 డిసెంబరులో శ్రీమతి కామెరాన్ కుమార్తె, అల్లుడు ఆమెకు ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. ఇక్కడ తెలుగునాట గురజాడవారు అప్పటికి ఏడాది దాటిన శిశువు. భర్త సింహళంలో ఉన్న తన తోటలు చూచుకొనడానికి వెళ్ళినప్పుడు ఆమెకు ఒంటరితనం తోచకుండా ఉండవలెనని పిల్లల ఉద్దేశం. అప్పటికి ఆమె వయస్సు 48 సంవత్సరాలు. ఆ విద్యలో ఆమెకు ఓనమాలు కూడ తెలియవు. బొగ్గులు పోసుకునే కొట్టును చీకటి గదిగా మార్చినది. కోళ్ళగూటికి గాజు పలకలు బిగించి ఛాయాచిత్రాలు తీసే మందిరంగా చేసుకున్నది. కోళ్ళు తిరిగిన చోటికి కవులు, చిత్రకారులు, తత్త్వవేత్తలు రాసాగారని తరువాత ఆమెయే నవ్వుతూ వ్రాసుకున్నది. 1864 జనవరిలో ఒక చిన్న బాలిక చిత్రం చక్కగా వచ్చినది. దానిని ఆమె తన తొలి విజయంగా పేర్కొన్నది.

తడి ఆరకముందే

నేడు క్షణంలో వెయ్యవవంతు కాలంలో ఛాయాచిత్రం తీయవచ్చును. ఆనాటి పద్ధతి తెలిస్తేనే గాని, ఆ చిత్రాలలోని ముఖాలు అంత గంభీరంగా ఎందుకున్నవో బోధపడదు.

ముందుగా గాజుపలకను మచ్చ లేకుండా తుడవాలి. దానిపై కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచుకొనేటట్లు పోయాలి. చీకటి గదిలో ఆ పలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచితే అది కాంతిని గ్రహించే శక్తిని పొందుతుంది. ఆ తడి ఆరకముందే దానిని కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. తీసిన వెంటనే, మళ్ళీ తడి ఆరకముందే, చీకటి గదికి పరుగెత్తి బొమ్మను తేల్చాలి. ఆలస్యమైతే పలక వ్యర్థమవుతుంది. ఈ పనిలో సిల్వర్ నైట్రేట్ తగిలిన చేతులూ బట్టలూ నల్లని మరకలతో నిండిపోతవి. శ్రీమతి కామెరాన్ ఆ మరకలతోనే అతిథుల ఎదుటికి వచ్చేదని ఆమెను ఎరిగినవారు వ్రాశారు.

పలకపై తేలిన బొమ్మకు, కోడిగుడ్డు తెల్లసొన పూసి సిద్ధపరచిన కాగితాన్ని ఆనించి ఎండలో ఉంచితే ప్రతి వస్తుంది. పలక ఎంత ఉంటే ప్రతి అంతే. అందువల్లనే పెద్ద చిత్రం కావలెనంటే పెద్ద పలకే కావాలి. 1866 నుంచి ఆమె 15 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు గల పలకలు వాడసాగినది. అంత పెద్ద గాజును సమంగా తడిపి, తడి ఆరకుండా మోసుకొని పోవడం ఎంత శ్రమయో ఊహించవచ్చును.

ఇక ఎదుట కూర్చున్నవారి అవస్థ వేరు. ఆమె వెలుతురును ఒక ప్రక్క నుంచి మాత్రమే రానిచ్చి, తక్కిన కిటికీలను తెరలతో కప్పేది. వెలుతురు తగ్గినకొద్దీ కాలం పెరుగుతుంది. నిమిషాల తరబడి కదలకుండా కూర్చుండవలసి వచ్చేది. అట్లా కూర్చున్న ఒక స్త్రీ తరువాత తన అనుభవాన్ని వ్రాసినది. మొదటి నిమిషం గడిచేసరికి కేక వేయవలెననిపించినదట. రెండవ నిమిషానికి కనుగుడ్లు బయటికి వస్తున్నట్లు తోచినదట. ఆ తరువాత మెడ పట్టు తప్పిపోయినదట. నవ్వు కొన్ని క్షణాలు నిలుస్తుంది గాని నిమిషాలు నిలవదు. కృత్రిమమైన ఠీవి కూడ అంతే. ఎంత జాగ్రత్తపరుడైనా, రెండు మూడు నిమిషాలు గడిచేసరికి లోకం కోసం ధరించిన ముఖాన్ని మరచిపోతాడు. శ్రీమతి కామెరాన్ కనిపెట్టుకొని ఉన్నది ఆ ముఖం కోసమే. బయటి అవయవాలతో పాటు లోపలి మనిషి గొప్పతనాన్ని కూడ పట్టుకొనడమే తన ధ్యేయమని ఆమె వ్రాసుకున్నది.

“మురికి సన్యాసి”

టెన్నిసన్‌ను ఆమె పలుమార్లు తీసినది. వాటిలో ప్రసిద్ధమైనది 1865 మే నెలలో తీసిన చిత్రం. అప్పుడు కవికి 55 సంవత్సరాలు. ఒంటిపై ముదురు రంగు వదులు అంగీ, చేత ఒక పుస్తకం, దువ్వెన ఎరుగని జుట్టు, పెరిగిన గడ్డం. చూపు కెమెరా మీద లేదు. ఎక్కడో దూరంగా ఉన్నది. ఆస్థానకవి అనగానే తోచే పట్టు దుస్తులు గాని, పతకాలు గాని అందులో లేవు. మఠం వదలి వచ్చిన వైరాగి వలె ఉన్నాడు.

ఈ చిత్రానికి “మురికి సన్యాసి” అని పేరు పెట్టినది మరెవరో కాదు, టెన్నిసనే. పరిహాసానికి పెట్టిన పేరే గాని, ఆ చిత్రాన్ని ఆయన నిరాకరించలేదు. మేయాల్ అనే వృత్తి ఛాయాగ్రాహకుడు తీసిన ఒక్కటి తప్ప, తన చిత్రాలన్నిటిలోనూ ఇదే తనకు నచ్చినదని సంతకం చేసి మరీ తెలిపాడు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనింపదగి ఉన్నది. కవి మెచ్చిన చిత్రాలు రెండు. ఒకటి స్టూడియోలో వృత్తి నిపుణుడు తీసినది. రెండవది మిత్రురాలు కోళ్ళగూటిలో తీసినది. తనను తాను రెండు విధాలుగా చూచుకొనడానికి ఆయన సమ్మతించాడన్న మాట.

ఆనాటి ఛాయాచిత్రకళా పత్రికలు మాత్రం ఆమెను మెచ్చుకొనలేదు. చిత్రాలు మసకగా ఉన్నవనీ, పలకలపై గీతలు, మరకలు కనిపిస్తున్నవనీ విమర్శించినవి. రేఖలు సుస్పష్టంగా కనబడేవరకు కటకాన్ని తిప్పడం వృత్తి ధర్మమని వారి వాదం. కంటికి అందంగా తోచిన చోటనే తాను ఆగిపోతానని ఆమె సమాధానం. ఒకరికి దోషమైనది మరొకరికి గుణమైనది. ఆ మసకలోనే నుదుటి మీది ముడుతలూ, కంటి క్రింది నీడలూ కలిసిపోయి, ముఖం చీకటిలో నుంచి అప్పుడే తేలి వస్తున్నట్లు కనిపిస్తుంది. కళాభిజ్ఞులు దీనిని గుర్తింపకపోలేదు. నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అని పిలువబడే లండను సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 1865లోనే ఆమె చిత్రాలను కొన్నది.

అమెరికా కవి లాంగ్‌ఫెలో 1868లో ఫ్రెష్‌వాటర్ వచ్చినప్పుడు టెన్నిసన్ ఆయనను స్వయంగా డింబోలాకు తీసుకొనిపోయాడు. ఆమె చెప్పినట్లల్లా చేయక తప్పదనీ, కొంతసేపటికి తాను తిరిగివచ్చి ఆయనలో ఏమి మిగిలినదో చూస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడట. ఈ హాస్యోక్తిలో అనుభవసారం ఉన్నది.

వీరారాధకుని దిగులు

టెన్నిసన్ నవ్వుతూ భరించినదానిని థామస్ కార్లైల్ నవ్వలేక భరించాడు. వీరపురుషులను గురించి, వారిని లోకం ఆరాధించే తీరును గురించి 1840లో ఉపన్యసించి, 1841లో గ్రంథంగా ప్రకటించినవాడు కార్లైల్. చరిత్ర చదివేవానికి ఒక మహాపురుషుని నిజమైన ముఖచిత్రం ఎన్నో జీవితచరిత్రల కంటె విలువైనదని ఆయన నమ్మకం. 1856లో లండనులో జాతీయ ముఖచిత్రశాల ఏర్పడినప్పుడు, మరుసటి సంవత్సరమే దాని ధర్మకర్తలలో ఒకడైనాడు. అటువంటివాడు తన వంతు వచ్చేసరికి వెనుకాడాడు. శ్రీమతి కామెరాన్ ఎదుట కూర్చుండడం నరకయాతన అని ఆయన అన్నట్లు, తన కండ్ల క్రింద సంచులు వ్రేలాడుతున్నట్లు చూపుతున్నదని టెన్నిసన్ అభ్యంతరం చెప్పినట్లు ఆమెయే చెప్పుకోగా, కవి అలింగ్‌హామ్ తన దినచర్యలో వ్రాసి ఉంచాడు.

ఐనప్పటికీ 1867లో కార్లైల్ కూర్చున్నాడు. లండనులో ఆమె సోదరి ఇంట ఆ చిత్రం తీయబడినది. ఆయనకు అప్పుడు 71 సంవత్సరాలు. భార్య జేన్ అంతకు ముందటి ఏడాది ఏప్రిల్ మాసంలో ఆకస్మికంగా మరణించినది. చిత్రంలో ముఖం సూటిగా చూచేవారివైపు తిరిగి ఉన్నది. ఒక ప్రక్క వెలుగు, రెండవ ప్రక్క చీకటి. కొద్దిగా కదిలినందువల్ల అంచులు చెదిరి ఉన్నవి. మైకెలాంజెలో సగం చెక్కి వదలిన రాతిబండతో శ్రీమతి కామెరాన్ దానిని పోల్చినది. కార్లైల్ దానిని చూచి, భయంకరమైన వికారమూ దైన్యమూ నిండి ఉన్నదని అన్నాడు. కాని తన పోలిక ఎంతో కొంత ఉన్నదని కూడ ఒప్పుకున్నాడు. పత్నీవియోగంతో క్రుంగిన వృద్ధుడు తన దుఃఖాన్ని ఎదుటివారి చేతిలోని కాగితంపై చూచుకొనవలసి వచ్చినది. దానిని కాదనలేకపోవడంలోనే ఆయన సత్యసంధత వెల్లడి అవుతుంది.

కీర్తికి చెల్లించిన వెల

ఈ చిత్రాలు ఇంటి ఆల్బములలో దాగి ఉన్నవి కావు. ఫ్రాన్సులో డిస్డేరీ అనే ఆయన 1854లో ఒకే పలకపై పలు చిన్న చిత్రాలు తీసే పద్ధతికి హక్కు పొందిన తరువాత, చీటీలంత చిన్న చిత్రాలు చౌక ధరలకు అంగళ్ళలో దొరకసాగినవి. రాణులు, రాజకీయవేత్తలు, కవులు అందరూ ఆ చీటీలపైకి ఎక్కారు. ఇంగ్లండులో 1862 నాటి చట్టం ఛాయాచిత్రాలకు కూడ హక్కులు కల్పించినది. శ్రీమతి కామెరాన్ తన చిత్రాలను వందల సంఖ్యలో రిజిస్టరు చేయించి, కోల్నాగీ అనే లండను వర్తకుల ద్వారా విక్రయించినది. సింహళపు తోటల రాబడి తగ్గుతున్న రోజులవి. డబ్బు అవసరం నిజమైనదే. కూర్చున్నవారి సంతకం ఉన్న ప్రతికి గిరాకీ ఎక్కువ. అందుచేత టెన్నిసన్ సంతకాల కోసం ఆమె పట్టు పట్టేది.

ఫలితం ఏమైనది? ఆస్థానకవి ముఖం ఊరూరా తెలిసిపోయినది. ఆమె చిత్రాల పుణ్యమా అని అజ్ఞాతంగా తిరిగే యోగం తనకు లేకపోయినదని టెన్నిసన్ విసుగుకున్నాడు. వేసవి వచ్చినదంటే ఫారింగ్‌ఫర్డ్ చుట్టూ సందర్శకులు మూగేవారు. వారి తాకిడి తప్పించుకొనడానికే 1868లో ససెక్సు ప్రాంతంలో ఆల్డ్‌వర్త్ అనే మరొక గృహాన్ని కట్టనారంభించి, 1869 నుంచి వేసవులు అక్కడ గడపసాగాడు. సందర్శకులను పుట్టించినది ఛాయాచిత్రమొక్కటే అనరాదు. కావ్యకీర్తి ముందే ఉన్నది. కాని కీర్తికి పేరు మాత్రమే ఉన్నంతకాలం కవి దారిన పోవచ్చును. కీర్తికి ముఖం వచ్చిన తరువాత దారి మూసుకొనిపోతుంది. కవి మౌనంగా ఇచ్చిన కొన్ని నిమిషాలను లోకం ఆయన జీవితకాలమంతా వాడుకున్నది.

అయినా వారి స్నేహం చెడలేదు. తన కావ్యాలకు ఛాయాచిత్రాలు తీసిపెట్టవలసినదని టెన్నిసనే ఆమెను కోరాడు. పుస్తకంలో అవి చిన్న కొయ్యచెక్కడపు బొమ్మలుగా కుదించబడగా, తృప్తి చెందక ఆమె 1874 చివర పెద్ద చిత్రాలతో వేరుగా ఒక సంపుటం వెలువరించినది. 1875లో కామెరాన్ దంపతులు సింహళానికి తరలిపోయారు. 1879 జనవరి 26న ఆమె అక్కడనే మరణించినది. బోగవంతలావలోని సెయింట్ మేరీ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఉన్నది.

చెల్లెలి మనుమరాలు

ఈ కథకు అరువది సంవత్సరాల తరువాత ఒక అనుబంధం ఏర్పడినది. శ్రీమతి కామెరాన్ ఎంతో ఇష్టంగా చిత్రించిన ముఖాలలో చెల్లెలు మరియా కూతురు జూలియా జాక్సన్ ముఖం ఒకటి. ఆమె కుమార్తెయే సుప్రసిద్ధ నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్. పెద్దమ్మమ్మ మరణించిన మూడేండ్లకు, 1882లో, వర్జీనియా పుట్టినది. 1926లో తమ హోగర్త్ ప్రెస్ పక్షాన శ్రీమతి కామెరాన్ ఛాయాచిత్రాల సంపుటాన్ని ప్రచురించి, ఆమె జీవితాన్ని గురించి పీఠిక వ్రాసినది కూడ వర్జీనియా వుల్ఫే. ఫ్రెష్‌వాటర్ గ్రామంలోని ఆనాటి సందడిని హాస్యనాటకంగా వ్రాసి 1935లో మిత్రుల మధ్య ప్రదర్శింపజేసినది.

ఇంతగా పూర్వుల చిత్రాలను ఆదరించిన రచయిత్రికి తన చిత్రం తీయించుకొనడం మాత్రం ఇష్టం లేదు. 1939 జూన్‌లో గిసెల్ ఫ్రాయిండ్ అనే ఛాయాగ్రాహకురాలు లండను టావిస్టాక్ స్క్వేర్‌లోని ఆమె ఇంటికి వచ్చి రంగుల చిత్రాలు తీసినది. అర్జెంటీనా రచయిత్రి విక్టోరియా ఒకాంపో చొరవ వల్ల జరిగిన ఈ పని తనకు ఎంత చిరాకు కలిగించినదో వుల్ఫ్ దినచర్యలో వ్రాసుకున్నది. కాని కాలం గడచినది. యుద్ధంలో బాంబులు పడి 1940లో ఆ ఇల్లు కూలిపోయినది. 1941 మార్చి 28న రచయిత్రి మరణించినది. ఆమెను రంగులలో చూడవలెనన్న పాఠకులకు ఆ నాటి చిత్రాలే నేటికీ ఆధారం. ఆమె అయిష్టంగా ఇచ్చిన ఒక్క పూట పాఠకులకు పెన్నిధి అయినది. ఆమె చిరాకు అన్యాయమైనదనీ అనలేము; చిత్రాలు ఉండకపోతే బాగుండుననీ అనలేము.

పటాన్ని చదవడం

కాబట్టి రచయిత ఛాయాచిత్రం ఒక్కరి సొత్తు కాదు. కూర్చున్నవారి ఓర్పు, తీసినవారి చూపు, ఆనాటి పరికరాల శక్తి, కొని దాచుకున్నవారి భక్తి కలిసి దానిని తయారుచేస్తవి. కెమెరా అబద్ధం చెప్పకపోవచ్చును. కాని ఒక జీవితంలో నుంచి కొన్ని నిమిషాలను మాత్రమే అది ఎన్నుకుంటుంది. మురికి సన్యాసి వంటి టెన్నిసన్ నిజమే. మేయాల్ స్టూడియోలో కూర్చున్న టెన్నిసన్ కూడ నిజమే. ఏ ఒక్కటీ మొత్తం కవి కాదు.

పాఠశాలలో కవి పటాన్ని చూపేటప్పుడు పద్యానికి అర్థం చెప్పినట్లే పటానికీ చెప్పవచ్చును. ఇది చిత్రకారుని ఊహయా, ఛాయాచిత్రమా? ఛాయాచిత్రమైతే కవికి ఏ వయస్సులో తీసినది? వెలుతురు ఎటు నుంచి పడుతున్నది? కవి చూపు ఎవరి మీద ఉన్నది? ఆ సమయానికి ఏమి వ్రాసి ఉన్నాడు, ఏ కష్టంలో ఉన్నాడు? ఈ ప్రశ్నలు వేసుకున్న విద్యార్థికి గోడ మీది ముఖం దేవుని పటంగా మిగిలిపోదు. అలసట, సిగ్గు, దుఃఖం ఎరిగిన మనుష్యుని ముఖమవుతుంది. ఆ తరువాత అతడు పుస్తకం తెరచినప్పుడు, పటంలో చూపు నిలిపిన ఆ మనుష్యుడే పద్యంలో మాట్లాడుతున్నాడని గ్రహిస్తాడు.